తాడు లాగే ముందు

ఆగస్టు 14 మధ్యాహ్నం గోపాల్‌పేట మండలంలో ఏ ఊరి బడికి పోయినా ఇంచుమించు ఒకటే దృశ్యం. జూన్ 12న బడి తెరిచిన నాటి నుంచి ఎవరూ పట్టించుకోని గడ్డి, రెండు నెలల వానలకు నడుముదాకా లేచి ఉంటుంది. తెల్లారితే జెండా పండగ. సర్పంచి వస్తాడు, పెద్దమనుషులొస్తారు, ఫోటోలు దిగుతారు. అప్పుడు గుర్తొస్తుంది గడ్డి. పంచాయతీ కార్మికుడు బ్రష్ కట్టర్ భుజానికి తగిలించుకొని వస్తాడు. కాళ్లకు హవాయి చెప్పులు, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, ముఖానికి తువ్వాల. తాడు రెండుసార్లు లాగితే బుర్రుమని ఆగిపోతుంది. మూడోసారికి అందుకుంటుంది. నీలిపొగ లేస్తుంది. పదడుగుల దూరంలో పిల్లలు కోసిన గడ్డిని చేతులతో ఎత్తి గోడ అవతలికి విసురుతుంటారు. ఇంతలో 'టంగ్'మని చప్పుడు. గడ్డిలో దాగిన గులకరాయి బ్లేడుకు తగిలి, ఎగిరి, సారు బైకు రేకును కొట్టి కింద పడుతుంది. అందరూ నవ్వుతారు. పని సాగుతుంది.

బైకుకు తగిలింది కాబట్టి నవ్వులాట. పక్కనే గడ్డి ఎత్తుతున్న మూడో తరగతి పిల్ల కంటికి తగిలితే ఆ ఊరికి అది తరతరాలు చెప్పుకునే కథ. రెంటికీ మధ్య ఉన్నది జానెడు తేడా.

గడచిన కొన్నేళ్లలో పల్లెలకు గడ్డి కోసే మిషన్లు వచ్చాయి. వాటితో పాటు రావాల్సిన ఒక గంట మాత్రం రాలేదు. ఇంజను ఆపి ఉండగానే, చేతిలో కర్రతో ఆ స్థలమంతా అడుగడుగూ తిరిగి చూసే గంట. మిషనుకు డబ్బు దొరుకుతుంది, పెట్రోలుకు దొరుకుతుంది, బ్లేడుకూ ఎలాగో దొరుకుతుంది. ఆ గంటకు మాత్రం మస్టరు లేదు, కూలి లేదు, తీరిక అంతకన్నా లేదు.

గోపాల్‌పేటకు గడ్డి కొత్త కాదు. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింతల సరసన నిజాం రాజ్యంలో తానూ ఒక సంస్థానంగా బతికిన ఊరు ఇది. 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వనపర్తి వేరుపడినప్పుడు ఆ కొత్త జిల్లాలోకి వచ్చింది. ఎర్రచెలకలు, రాళ్లు, వేరుశనగ, వలస. పాలమూరు పల్లె అనగానే గుర్తొచ్చే నాలుగూ ఇక్కడ ఉన్నవే. వెనకటి రోజుల్లో గడ్డి నడుముదాకా పెరిగే సమస్యే లేదు, పెరగనిస్తే కదా. ఇంటికో కాడెద్దుల జత, రెండు బర్రెలు, నాలుగు మేకలు. ఎవరి గట్టు మీద గడ్డి ఎవరు కోసుకోవాలన్న దాని మీదే పంచాయితీలు నడిచేవి. పొద్దుగూకే వేళ ఆడవాళ్లు నెత్తిన గడ్డిమోపులతో వరుసగా ఇళ్లకు మళ్లేవారు.

ట్రాక్టరు వచ్చి కాడిని పంపేసింది. బడికి ప్రహరీ గోడ కట్టి గేటు పెట్టాక మేకలు లోపలికి రావడం మానేశాయి. అది మంచిదే, మొక్కలు బతికాయి. మొక్కలతో పాటు గడ్డీ బతికింది. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చిన దగ్గర కాలువ గట్లు ఎండాకాలంలోనూ పచ్చగానే ఉంటున్నాయి. చెలకలో వేరుశనగ పోయి వరి వచ్చింది. వరితో పాటు వెడల్పాటి గట్లు, వాటి మీద తుంగ, గరిక, పిచ్చిమొక్కలు. కోసేందుకు కూలి మనిషి దొరకడు, దొరికినా కొడవలి పట్టడు. కాబట్టి మిషను. ఇందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. నడుం వంచి రోజంతా కలుపు తీసిన ఆడమనిషి వెన్నును అడిగితే యంత్రం గొప్పేమిటో చెబుతుంది.

గడ్డి కోసే యంత్రం కథ మొదలైంది పొలంలో కాదు, బట్టల మిల్లులో. ఇంగ్లండులోని స్ట్రౌడ్ అనే ఊళ్లో ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్కు ఉన్ని బట్ట మీద లేచిన నూగును సమంగా కత్తిరించే మిషన్ను చూసి, ఇదే పని గడ్డి మీద ఎందుకు చేయకూడదనిపించింది. మెలి తిరిగిన కత్తులున్న ఒక రోలరు, దాని కింద కదలని ఒక పట్టీ. రెంటి మధ్య గడ్డి పడితే కత్తెరలో పడ్డట్టే. 1830లో పేటెంటు తీసుకున్నాడు. మగ్గాల నేల గద్వాలకు ఇంత దగ్గరలో ఉన్నవాళ్లకు ఈ సంగతి నచ్చాలి. గడ్డి మిషను కూడా ఒక రకంగా నేతపని బిడ్డే.

అయితే బడ్డింగ్ బిడ్డకు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. అది పొట్టి గడ్డికే పనికొస్తుంది. చక్రాలు తిరిగితే కత్తులు తిరిగే ఆ పాత తోపుడు మిషన్ను నడుమెత్తు గడ్డిలోకి తోస్తే, గడ్డి తెగదు, ముందుకు వంగి పడుకుంటుంది. మిషను దాని మీదుగా నడిచిపోతుంది. వెనక్కి తిరిగి చూస్తే గడ్డి మళ్లీ లేచి నిలబడి ఉంటుంది. పట్టుదల మనిషి ఇంకా గట్టిగా తోస్తాడు. కాడ ఒకటి రోలరుకు చుట్టుకొని మిషను టక్కున ఆగుతుంది, పిడి పొట్టలో పొడుస్తుంది. చిక్కుకున్న కాడను చేత్తో లాగబోతే ఆగిన రోలరు పావు చుట్టు తిరుగుతుంది. వేలి కొస తెగడానికి అది చాలు. ఇంజను లేని యంత్రమని చులకన చేయకూడదు. కత్తిపీటకు మాత్రం ఇంజనుందా?

తర్వాతి తరం తోపుడు మిషనుకు ఇంజను వచ్చింది. కింద బల్లపరుపుగా ఒకే బ్లేడు, ఫ్యాను రెక్కలాగా. హైదరాబాదు శివారు విల్లాల్లో, కాలేజీ ఆవరణల్లో కనిపించేది ఎక్కువగా ఇదే. అమెరికా వెళ్లిన తెలుగువాళ్లకైతే ఇంటితో పాటు వచ్చే బాధ్యత. ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో అంటూ మన పేటల పేర్లలా వినిపించే ఊళ్లున్న డాలస్ ప్రాంతంలో గడ్డి పెరిగితే ఇంటికి నోటీసు వస్తుంది. డాలస్ నగర నిబంధన ప్రకారం గడ్డి 12 అంగుళాలు దాటకూడదు. కొత్తగా ఇల్లు కొన్నవాడు గ్యారేజ్ సేల్‌లో చవగ్గా పాత మిషను తెచ్చుకుంటాడు. ఊరినుంచి వచ్చిన నాన్న, గడ్డి కోయడం నాకు నేర్పుతావా అంటూ ముందుకొస్తాడు. కొడవలి పట్టిన చేతికి ధైర్యం ఎక్కువ.

ఆ ధైర్యానికి ఒక లెక్క చూపించాలి. 21 అంగుళాల బ్లేడు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే దాని కొస గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. కర్నూలు రోడ్డు మీద ఏ కారూ పోని వేగం. దానికి గోలీకాయంత రాయి తగిలితే అది రాయిలా ఉండదు, వడిసెల రాయి అవుతుంది. పైగా రాయి ఎటు పోతుందో చెప్పలేం. గోడకు కొట్టుకొని తిరిగి వస్తుంది, చెట్టు మొదలుకు తగిలి పక్కకు మళ్లుతుంది.

అమెరికా దీనికి చట్టం చేసింది. 1982 నుంచి అక్కడ తయారయ్యే, వెనక నడుస్తూ తోసే మోటారు మిషన్లన్నిటికీ పిడి దగ్గర ఒక కడ్డీ ఉండాలి. చెయ్యి తీసిన మూడు సెకన్లలో బ్లేడు ఆగిపోవాలి. అంతకుముందు తయారైన చాలావాటికి ఆ ఏర్పాటు లేదు. మనిషి జారిపడినా, చెయ్యి వదిలినా బ్లేడు తన పని తాను చేసుకుపోతుంది. కాబట్టి పాత మిషను కొనేవాడు మొదట చూడాల్సింది ధర కాదు, ఆ కడ్డీ. ఉంటే పనిచేస్తోందా, లేక ఎవరో దాన్ని పిడికి తీగతో కట్టేశారా? చెయ్యి నొప్పి పుడుతోందని కట్టేసేవాళ్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. ఆ విషయంలో ఖండాల తేడా లేదు.

పాత మిషన్ను ఒకసారి బోర్లించి చూస్తే దాని చరిత్ర మొత్తం కనిపిస్తుంది. పైన ఎంత రంగు పూసినా లోపల దాగదు. ఎండిన గడ్డి పిడకలాగా గట్టిపడి గూడు అంచుకు అతుక్కుపోయి ఉంటుంది. దాన్ని గోకితే కింద తుప్పు. బ్లేడు ఒక కొస రెండో కొసకన్నా అరంగుళం అరిగి ఉంటుంది, అందుకే పిడి పట్టుకుంటే చేతులు జలదరిస్తాయి. రాళ్లు తగిలి పడ్డ గండ్లు, కొత్తవి మెరుస్తూ, పాతవి నల్లగా. నడుమ బోల్టు. దాని మూలలు గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయంటే ఎవరో సరైన పానా లేకుండా కటింగ్ ప్లేయరుతో బిగించారన్నమాట. ఆ బోల్టు వదులైతే జరిగేదేమిటో ఊహించాల్సిన పని లేదు.

బోర్లించే ముందు చేయాల్సింది ఒకటుంది. స్పార్క్ ప్లగ్గు వైరు పీకేయాలి. బ్లేడు నేరుగా ఇంజను షాఫ్టుకే బిగించి ఉంటుంది. చేత్తో బ్లేడును తిప్పితే ఇంజన్ను తిప్పినట్టే. లోపల పెట్రోలు ఉండి వైరు తగిలించి ఉంటే, గడ్డి తీసేందుకు పెట్టిన చెయ్యే తాడు లాగిన చెయ్యి అవుతుంది. ఇది తెలిసిన మెకానిక్కు కూడా తొందరలో మరిచిపోతాడు. ఇక బోర్లించేటప్పుడు గాలి ఫిల్టరు ఉన్న వైపు పైకి రావాలి. లేకుంటే ఆయిలంతా ఫిల్టరులోకి దిగి, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు ఊరంతా దోమల మందు కొట్టినట్టు పొగ.

ఇలాంటి మిషను ఎత్తు గడ్డిని కోయగలదా? కోయగలదు, కానీ ఒక్క విడతలో కాదు. ముందు కొడవలితోనో బ్రష్ కట్టరుతోనో జానెడు ఎత్తుకు దించాలి. కోసిన గడ్డిని పంగల కర్రతో లాగి పక్కన కుప్ప పెట్టాలి. అప్పుడు నేల కనిపిస్తుంది, నేలతో పాటు అందులో ఏముందో కూడా. ఆ తర్వాతే మిషను. చక్రాలను అన్నిటికన్నా ఎత్తు మెట్టుకు పెట్టి, బ్లేడు వెడల్పులో సగానికే గడ్డి తగిలేలా, మెల్లగా. రెండు మూడు రోజులాగి ఇంకో మెట్టు కిందికి. కొంతమంది చేసే విద్య మరొకటుంది. పిడిని కిందికి నొక్కి ముందు చక్రాలు గాల్లోకి లేపి, గడ్డి మీదికి తెచ్చి దభీమని దించడం. మొండి మొక్కలు కూడా తెగుతాయి, చూసేవాళ్లకు ముచ్చటగానూ ఉంటుంది. కానీ చక్రాలు లేచిన ఆ రెండు క్షణాలూ గంటకు 300 కిలోమీటర్ల బ్లేడు నోరు తెరుచుకొని ఎదుటివాళ్ల వైపు చూస్తుంటుంది. మిషన్ను వెనక్కి, తన కాళ్ల మీదికి లాక్కుంటూ కోయడం కూడా అంతే. ముందుకు తోసేటప్పుడు కాలు జారితే మిషను దూరం పోతుంది, వెనక్కి లాగేటప్పుడు జారితే మిషను కాలి మీదికే వస్తుంది. గట్టు వాలు మీదైతే అడ్డంగా నడవాలి, ఎగువకు దిగువకు కాదు. వానకు తడిసిన వాలు మీదైతే అసలు వద్దు. గడ్డి ఎక్కడికీ పోదు, మర్నాడు కూడా అక్కడే ఉంటుంది.

ఇక మళ్లీ గోపాల్‌పేట బడికి. ఇక్కడి నేలకు తోపుడు మిషనుకన్నా భుజానికి తగిలించే బ్రష్ కట్టరే తగినది. రాళ్ల చెలక, ఎగుడుదిగుడు. కానీ పైన చెప్పిన ప్రమాదాలన్నీ దీనికీ ఉన్నాయి, అదనంగా ఇంకొకటి. తోపుడు మిషనుకు బ్లేడు చుట్టూ ఇనుప గూడుంటుంది. దీనికి ఉన్నదల్లా వెనకవైపు చిన్న ప్లాస్టిక్కు రేకు. చాలా మిషన్లకు మొదటి నెలలోనే అది కూడా ఊడిపోతుంది, లేదా గడ్డి చుట్టుకుంటోందని ఊడదీస్తారు. చేతి పుస్తకాల్లో చెప్పే దూరం 15 మీటర్లు. అంటే పనిచేస్తున్న మనిషి చుట్టూ యాభై అడుగుల వరకు ఎవరూ ఉండకూడదు. పదడుగుల్లో ఉన్న ఆ పిల్లల్ని ఒకసారి మళ్లీ తలుచుకోండి. బ్లేడుకు బదులు తగిలించే నైలాన్ వైరు తొందరగా అరుగుతోందని కొందరు దాని బదులు బైకు బ్రేకు వైరు ముక్క కడతారు. అరగదు నిజమే, తెగుతుంది. తెగిన ఇనుప ముక్క తూటాలాగా పోతుంది.

ఇంజన్ మోత మనిషి చెవి దగ్గర వంద డెసిబెళ్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే ఆ మనిషికి వెనకనుంచి ఎవరు పిలిచినా వినపడదు. ఇంకో చప్పుడు కూడా వినపడదు. అసలు భయం అక్కడే.

రక్తపింజర పారిపోయే పాము కాదు. నాగుపాము అలికిడికి తప్పుకుపోతుంది, వీలైనంత వరకు. పింజర మాత్రం చుట్ట చుట్టుకొని ఉన్నచోటే ఉంటుంది. ఎండుగడ్డిలో ఎండుగడ్డి రంగులో కలిసిపోతుంది. దగ్గరికి పోతే కుక్కరు ఆవిరి వదిలినట్టు బుస కొడుతుంది. కర్రతో గడ్డిని తట్టుకుంటూ నడిచే మనిషికి ఆ బుసే హెచ్చరిక. మిషను భుజానున్న మనిషికి ఆ హెచ్చరిక అందదు. చెప్పులేసుకున్న కాలు ఒక్కో అడుగు ముందుకు పడుతూనే ఉంటుంది. కర్రతో తిరిగే పని ఇంజను స్టార్ట్ చేశాక కాదు, ముందే అయిపోవాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

మన దేశంలో పాముకాటుకు ఏటా సగటున 58,000 మంది చనిపోతున్నారని 2000 నుంచి 2019 వరకు జరిగిన మరణాలపై అధ్యయనం చేసిన శాస్త్రవేత్తలు 2020లో లెక్కగట్టారు. అందులో సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. ఎక్కువ భారం మోస్తున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కాట్లు ఎక్కువగా పడేది కాలికి, పల్లెల్లో. గడ్డి పెరిగే నెలలు, పాములు తిరిగే నెలలు, బడి తెరిచే నెలలు మూడూ ఒకటే అయినచోట ఐదారు వందల రూపాయల గమ్‌బూట్లు లేకుండా మనిషిని గడ్డిలోకి దించడం నిర్లక్ష్యం కాదు, అంతకన్నా పెద్ద మాటే వాడాలి.

పురుగు ముట్టిందంటే ఇప్పటికీ కొన్ని ఊళ్లలో మొదటి పరుగు మంత్రగాడి ఇంటికే. కాటు పడ్డచోట కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, ఇవన్నీ హాని చేసేవే. కాలు కదలకుండా బద్దతో కట్టి, 108కి ఫోను చేసి, ఆసుపత్రికి చేర్చడమే చేయాల్సింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, నాలుగింటి విషానికీ ఒకటే మందు, సర్కారు ఆసుపత్రిలో దొరుకుతుంది. 2022 నవంబరు నుంచి వనపర్తిలో మెడికల్ కాలేజీ కూడా ఉంది. ఒకప్పటిలా మహబూబ్‌నగరో కర్నూలో పరుగెత్తాల్సిన రోజులు కావివి.

గడ్డిలో పాములే ఉంటాయనుకుంటే పొరపాటు. బడి వెనక గోడ పక్కన రాత్రిపూట తాగి పడేసిన క్వార్టరు సీసాలుంటాయి. పాత కంచె తాలూకు ముళ్ల తీగ ఉంటుంది, బ్లేడుకు చుట్టుకుంటే కొరడాలాగా కొడుతుంది. పొలం గట్టు మీదైతే బోరు మోటారుకు పోయే కరెంటు కేబుల్ గడ్డిలో పడి ఉంటుంది. గడ్డి రంగుకు ముదిరిన ఆ పాత కేబుల్‌ను బ్లేడు కోసేస్తే, తడి నేల మీద ఇనుప కడ్డీ పట్టుకొని నిలబడ్డ మనిషి గతేమిటి? స్టార్టరు డబ్బా దగ్గర ఫ్యూజు పీకే పని కూడా ఆ మొదటి గంటలోనిదే.

ఈ గంటను ఎవరు పెట్టాలి? కార్మికుణ్ని అనడం తేలిక. జీవో 51 పుణ్యమా అని ఊళ్లో అతను మల్టీపర్పస్ వర్కరు. పొద్దున మోరీలు తీస్తాడు, తర్వాత ట్రాక్టరు మీద చెత్త ఎత్తుతాడు, మధ్యాహ్నం స్తంభమెక్కి బల్బు మారుస్తాడు, సాయంత్రం గడ్డి మిషను పడతాడు. ఏ పనికీ ఎవరూ నేర్పరు. నెల జీతం పదివేలకు అటూ ఇటూ. ఆ విధానం రద్దు చేయాలని యూనియన్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నాయి, 2023 వానాకాలంలో సమ్మెకు కూడా దిగాయి. 2019 సెప్టెంబరులో ముప్పై రోజుల ప్రణాళికతో మొదలైన పల్లె ప్రగతి, 2024 ఆగస్టులో ఐదు రోజుల స్వచ్ఛదనం పచ్చదనం, పేరేదైనా పిచ్చిమొక్కల మీదికి దండయాత్ర అనగానే ముందు నిలబడేది అతనే. ఫోటోలో ఉండేది వేరేవాళ్లు.

2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. 2025 డిసెంబరులో ఎన్నికలై కొత్త సర్పంచులొచ్చారు. సిమెంటు రోడ్డు, కమాను, విగ్రహం లాంటి పెద్ద మాటలు చాలా ఇచ్చి ఉంటారు. వాటి పక్కన ఇది చాలా చిన్న పద్దు. గమ్‌బూట్లు, ముఖానికి జాలీ అద్దం, చెవులకు మూతలు, మందపాటి చేతి తొడుగులు, మిషనుకు ఊడిపోయిన ఆ ప్లాస్టిక్కు రేకు. అన్నీ కలిపినా కొత్త మిషను ధరలో మూడో వంతు కాదు. దానికి తోడు మస్టరులో ఒక గీత. గడ్డి కోసిన రోజు మొదటి గంట ఇంజను లేని పని, అదీ పనే, దానికీ కూలి పడుతుంది. ఆ గీత లేనంతకాలం, తొందరగా అయిపోతే తొందరగా ఇంటికి పోవచ్చనుకునే మనిషి నేరుగా తాడే లాగుతాడు. అతని స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు.

ఇంత తతంగమెందుకు, మందు కొడితే పోదా అనేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. గ్లైఫోసేట్ అనే కలుపు మందును శిక్షణ పొందిన పురుగుమందుల ఆపరేటర్లే తప్ప వేరెవరూ వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు ఎరువుల దుకాణం గడప దాకా వచ్చిందో లేదో దుకాణం ముందు నిలబడితే తెలుస్తుంది. అది పక్కన పెడదాం. మందు కొట్టిన గడ్డి చస్తుంది గానీ పడిపోదు. వారం తర్వాత పచ్చగా నిలబడ్డది ఎండి నిలబడుతుంది. అందులో పింజర ఇంకా బాగా కలిసిపోతుంది. ఆ తర్వాత ఎవరో అగ్గిపుల్ల గీస్తారు. బడి ఆవరణలో మందు కొట్టి, మర్నాడు అక్కడే పిల్లల్ని కూర్చోబెట్టి అన్నం పెట్టడం గురించి చెప్పాల్సిన పని లేదు.

మొక్కను బట్టి కోత ఉంటుంది, ఇది కొడవలి కాలంలో ఆడవాళ్లకు తెలిసిన విద్య. వయ్యారిభామను పూత రాకముందే తీయాలి. 1950ల్లో పుణె దగ్గర మొదట కనిపించి దేశమంతా పాకిన ఈ మొక్క ఒక్కొక్కటీ వేల విత్తనాలు రాలుస్తుంది. ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా దీని మీద దేశవ్యాప్తంగా అవగాహన వారం జరుపుతారు. అప్పటికి మన బడి వెనక అది తెల్లగా పూసి నవ్వుతూ ఉంటుంది. పూసిన దాన్ని మిషనుతో కొడితే విత్తనాన్ని మనమే చల్లినట్టు, పుప్పొడిని మనమే పీల్చినట్టు. చర్మం పొక్కి, దురదతో ఏళ్లు బాధపడేవాళ్లున్నారు. జిల్లేడును నైలాన్ వైరుతో కొడితే పాలు చిమ్మి కళ్లలో పడతాయి. దాన్ని మొదట్లో కత్తితో నరకాల్సిందే. తుంగను ఎన్నిసార్లు కోసినా లాభం లేదు, గడ్డ కింద ఉంది. వారానికి మళ్లీ తల ఎత్తుతుంది. గరిక మాత్రం కోసేకొద్దీ పాకుతుంది, పాకినకొద్దీ మిగతావాటికి చోటు లేకుండా చేస్తుంది. జూన్ నుంచి పది పదిహేను రోజులకోసారి కోస్తే చాలు, ఆగస్టు 14 నాటికి అక్కడ ఉండేది అడవి కాదు, కబడ్డీ ఆడుకునే మైదానం. అప్పుడు బడ్డింగ్ గారి పాత తోపుడు మిషను కూడా పనికొస్తుంది.

వానాకాలం చివర మిషను పట్టే మనిషికి ఇంకో చిక్కుంది. గునుగు. వేరుశనగ చేలో అది కలుపు మొక్కే, రైతు దాన్ని చూస్తే తిట్టుకుంటాడు. కానీ పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ మొదలయ్యేసరికి అదే గునుగు కోసం ఆడపిల్లలు పొద్దున్నే బుట్టలు పట్టుకొని చేలగట్లు తిరుగుతారు. కలుపు మందు పుణ్యమా అని చేలల్లో అది తగ్గింది. వనపర్తి సంతలో కట్టకింతని అమ్ముతున్నారు. ఇప్పుడది ఎక్కువగా మిగిలింది బడి వెనక గోడ వారనో, చెరువు కట్ట దిగువనో, ఎవరూ పట్టించుకోని చోట. మిషను మనిషికి అది మిగతా పిచ్చిమొక్కలతో సమానం, నైలాన్ వైరు ఒక్క విసురుకు తెల్లటి ఆ కుచ్చులన్నీ రాలిపోతాయి.

దాన్ని ఉంచాలి. ఉంచితే చుట్టూ ఉన్న ఎత్తు గడ్డిని కూడా ఉంచినట్టే, అందులోకి పొద్దు పొడవకముందే ఉత్త కాళ్లతో పోయేది పదేళ్ల పిల్లలు. అందుకని గునుగు దాకా ఒక బాట కోయాలి. ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పు, నేల కనిపించేంత పొట్టిగా. గునుగు చుట్టూ కూడా ఒక బారెడు. అమావాస్యకు ముందురోజు, పిల్లలు బడినుంచి ఇంటికి పోయాక, ఎవరో ఒకరు గమ్‌బూట్లు తొడుక్కొని, మిషన్ను గోడకు ఆనించి పెట్టి, కర్రతో గడ్డిని తట్టుకుంటూ ఆ గోడవార దాకా ఒకసారి పోయి రావాలి.